కాటా సాఫ్ట్‌వేర్‌లో లువా స్క్రిప్టు: బరువు పాతదే చూపిస్తోంది, తరుగు సున్నా వస్తోంది

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెబుతాను, తప్పైతే దిద్దండి. గుణుపురం దగ్గర లారీల కాటాకి మీరు సీ ప్లస్ ప్లస్‌లో ప్రోగ్రామ్ రాశారు. తరుగు (సంచులకీ తేమకీ తీసేసే బరువు) లెక్క మిల్లుకో రకంగా ఉంటోందని ఆ ఒక్క ముక్కనూ లువా అనే చిన్న భాషలో స్క్రిప్టుగా పెట్టారు. ప్రోగ్రామ్ స్టార్ట్ అవగానే బరువును పుష్ నంబర్ అనే ఫంక్షన్‌తో లువాకి పంపి, సెట్ గ్లోబల్‌తో దానికి గ్లోబల్ పేరు, అంటే స్క్రిప్టు అంతటా కనిపించే పేరు, పెడుతున్నారు. మొదటి లారీకి స్క్రిప్టు లోపల లెక్క సరిగ్గానే వస్తోంది. రెండో లారీ కాటా ఎక్కినా స్క్రిప్టు మాత్రం మొదటి లారీ బరువునే పట్టుకుని కూర్చుంది. స్క్రిప్టు లెక్కగట్టిన తరుగును తిరిగి ప్రోగ్రామ్‌లోకి తెచ్చుకుంటే సున్నా వస్తోంది. అందుకని "రెండు వైపులా ఒకే వేరియబుల్ కనిపించేలా చేయడం ఎలా?" అని అడిగారు.

నేను ఉండేది పర్లాకిమిడిలో. ఈ చుట్టుపక్కల కాటాలకీ రైస్ మిల్లులకీ చాలా ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను కాబట్టి మీ కోడ్ చూడగానే నా పాత కోడ్ చూసినట్టే ఉంది.

అసలు మీరు అడిగినట్టు ఒకే వేరియబుల్ అనేది అక్కడ లేదు. సెట్ గ్లోబల్ చేసిన క్షణంలో లువా ఆ అంకెను తన దగ్గర రాసుకుంటుంది, అంతే. మీ సీ ప్లస్ ప్లస్ వేరియబుల్ ఏ అడ్రసులో ఉందో దానికి తెలియదు, తెలుసుకోవాలనీ అనుకోదు. కంప్యూటర్లు రాకముందు కాటా దగ్గర ఉండే చీటీ పుస్తకం గుర్తు తెచ్చుకోండి. పైన ఒరిజినల్, కింద కార్బన్ కాపీ. చీటీ చింపి డ్రైవర్ చేతిలో పెట్టాక మీరు పుస్తకంలో ఎంత దిద్దుకున్నా అతని జేబులో ఉన్న అంకె మారదు. మీరు చీటీ ఇచ్చింది ఒక్కసారే, పొద్దున్న షట్టర్ తీసినప్పుడు. సాయంత్రం దాకా అన్ని లారీలకీ స్క్రిప్టు అదే చీటీ చూపిస్తోంది.

ఒక మాట చెప్పి ముందుకెళ్తాను. ఫంక్షన్ల పేర్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు ముందు లువా అనీ, అండర్‌స్కోర్ అనీ మీరే తగిలించుకోండి. వేరియబుల్స్ కూడా చదవడానికి వీలుగా బరువు, తరుగు అంటున్నాను గానీ మామూలు లువా తెలుగు అక్షరాల పేర్లను ఒప్పుకోదు, ఇంగ్లిష్ అక్షరాల్లోనే పెట్టాలి. టేబుల్‌లో (లువాలో కీ అనే పేరు కింద విలువ దాచుకునే పెట్టె) కీని కొటేషన్ల మధ్య పెడితే మాత్రం తెలుగైనా ఒడియా అయినా దానికి పట్టింపు లేదు.

మీరు కోడ్ మొత్తం పెట్టడం మంచిదైంది. మొదటి సమస్య రెండు చోట్ల ఉంది, ఒకటి సరిచేసినా రెండోది మిగిలిపోయేది. మొదటిది పైన చెప్పిందే, బరువును ఒక్కసారే పంపడం. ఇక మీ స్క్రిప్టు మొదటి లైను చూడండి: "లోకల్ మొత్తం = బరువు" అని ఫంక్షన్ బయట రాశారు. ఆ లైను ఫైలు లోడ్ అయినప్పుడు ఒకసారి నడుస్తుంది, మళ్లీ నడవదు. మీరు ప్రతి లారీకీ సెట్ గ్లోబల్ చేసినా లోపలి ఫంక్షన్ వాడేది ఆ పాత "మొత్తం"నే. కాపీకి మళ్లీ కాపీ అన్నమాట.

తరుగు సున్నా రావడానికి కారణం వేరే. స్క్రిప్టులో "లోకల్ తరుగు" అన్నారు. లోకల్ అన్నాక అది ఆ ఫైలు గడప దాటదు, గ్లోబల్ పేర్లని వెతికి తెచ్చే గెట్ గ్లోబల్‌కి దొరకదు. దొరకనప్పుడు లువా నిల్ ఇస్తుంది, ఏమీ లేదని అర్థం. ఆ నిల్‌ను మీరు లువా విలువని సీ అంకెగా తెచ్చిచ్చే టూ నంబర్‌కి ఇచ్చారు. టూ నంబర్‌కి అంకె కానిది ఇస్తే ఎర్రర్ ఇవ్వదు, కిక్కురుమనకుండా సున్నా చేతిలో పెడుతుంది. లువాలో నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే. 5.2 వెర్షన్ నుంచి టూ నంబర్ ఎక్స్ అని ఉంది, అది నిజంగా అంకేనా కాదా అని ఇంకో వేరియబుల్‌లో చెబుతుంది. ఇక నుంచి అదే వాడండి. ఈజ్ నంబర్‌తో చెక్ చేస్తే చాలదా అంటారేమో. "10" అని కొటేషన్లలో ఉన్న స్ట్రింగుని కూడా అది అవునంటుంది. కచ్చితంగా కావాలంటే టైప్ అనే ఫంక్షన్‌తో అది ఏ రకమో అడిగి, జవాబుని టీనంబర్ అనే గుర్తుతో పోల్చాలి.

ఈ సున్నా నాకు ఎలా తెలిసిందో చెప్పాలి. ఒక మిల్లులో స్క్రిప్టులో పేరు ఒక అక్షరం తప్పు రాశాను. పొద్దున్నుంచి చీటీలన్నీ తరుగు సున్నాతోనే ప్రింటయ్యాయి. ఒడిశా వైపు ధాన్యం మండీల్లో కట్నీ (బరువులో కోత) అంటేనే గొడవ, అలాంటిది కట్నీ లేకుండా చీటీ వస్తే ఏ రైతైనా తప్పుందని ఎందుకు చెబుతాడు? సాయంత్రం గుమస్తా లెడ్జర్ వేసుకునేదాకా ఎవరికీ తెలియలేదు. ఆ రాత్రి నాకు పట్టిన టెన్షన్ ఇంకా మర్చిపోలేదు.

ఇప్పుడు చేయాల్సింది. గ్లోబల్స్ మానేయండి. స్క్రిప్టులో ఒక ఫంక్షన్ పెట్టండి, తరుగు లెక్క అని పేరు, దానికి బరువు, తేమ, బస్తాలు అని మూడు ఇన్‌పుట్‌లు. లెక్క చేసి అది తరుగును రిటర్న్ చేయాలి. మీ ప్రోగ్రామ్ ప్రతి లారీకీ ఆ ఫంక్షన్‌ని పిలుస్తుంది. చీటీ అప్పటికప్పుడు రాసి ఇస్తున్నారు, జవాబు అప్పటికప్పుడు తీసుకుంటున్నారు. పాతది మిగిలే చోటే ఉండదు.

మీ లెక్కనే తీసుకుందాం. లోడుతో 14,230 కిలోలు, ఖాళీ బండి 5,480, పోగా 8,750. బస్తాలు 173, గోనె సంచి ఒక్కోటి 580 గ్రాములు, అంటే 100.34 కిలోలు సంచులకే పోయాయి. మిగిలిన ధాన్యం 8,649.66. తేమ 18.5 శాతం, ప్రభుత్వ కొనుగోలులో హద్దు 17, పైన ఉన్నది ఒకటిన్నర. మీ స్క్రిప్టు ప్రకారం శాతానికి శాతం కోత, అంటే 129.74. మొత్తం తరుగు 230.08 కిలోలు. ఈ అంకె మీ ప్రోగ్రామ్‌లోకి ఎలా రావాలో స్టాక్ మీద చూడండి.

లువాకీ సీకీ మధ్య ఇచ్చిపుచ్చుకోవడమంతా ఒక స్టాక్ మీదే, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చే దొంతర. మొదట అది ఖాళీ, ఎన్ని ఉన్నాయని గెట్ టాప్‌తో అడిగితే సున్నా. గెట్ గ్లోబల్‌తో ఫంక్షన్‌ని తెచ్చారు, ఒకటి. 8,750, 18.5, 173 వరసగా పుష్ చేశారు, నాలుగు. ఫంక్షన్‌ని నడిపి, ఎర్రర్ వస్తే పట్టుకునే పీకాల్‌కి మూడు ఇస్తున్నాను, ఒకటి కావాలి అని చెప్పారు. అది ఆ నాలుగింటినీ తీసేసి 230.08ని పైన పెడుతుంది, మళ్లీ ఒకటి. మైనస్ ఒకటి ఇండెక్స్ అంటే పైన ఉన్నదని అర్థం, దాన్ని టూ నంబర్ ఎక్స్‌తో చదివి, పాప్ ఒకటి, అంటే పైది తీసేయడం. గెట్ టాప్ మళ్లీ సున్నా అవ్వాలి. పని మొదట్లో ఎంత ఉందో చివర్లో అంతే ఉండాలి. రాస్తున్నన్నాళ్లూ ఆ రెండు అంకెల్నీ ప్రింట్ చేసుకోండి, సిగ్గుపడాల్సిందేం లేదు, నేనిప్పటికీ చేస్తాను.

ఇక్కడ జాగ్రత్తపడాల్సింది పీకాల్ ఫెయిలైనప్పుడు. అప్పుడూ స్టాక్ మీద ఒకటి మిగులుతుంది, ఎర్రర్ మెసేజ్. లెక్క సరిగ్గా వచ్చినప్పుడు నేను పాప్ చేసేవాణ్ణి, ఎర్రర్ వచ్చిన దారిలో మర్చిపోయాను. ఆపరేటర్ తేమ వేయకుండా ఎంటర్ కొట్టిన ప్రతిసారీ నిల్‌తో లెక్క చేయబోయి స్క్రిప్టు ఆగేది, మెసేజ్ ఒకటి స్టాక్ మీద ఉండిపోయేది. లువా మనకు గ్యారంటీ ఇచ్చేది 20 గళ్లకే. అంతకంటే కావాలంటే చెక్ స్టాక్ అని అడిగి తీసుకోవాలి. అడగకుండా ఎక్కించుకుంటూ పోతే ఆపేవాళ్లు లేరు, పక్కన మెమరీలో ఏముంటే దాని మీద రాసేయొచ్చు. ఇంట్లో ఐదారు లారీలతో టెస్ట్ చేస్తే ఏముంది, అంతా బాగుంది. కాటాలో మాత్రం మధ్యాహ్నం దాటాక ప్రోగ్రామ్ పడిపోయేది, అదీ సీజన్లో. వాళ్లు కరెంటు ప్రాబ్లం అనుకుని యూపీఎస్ మార్చారు పాపం. లువాని కంపైల్ చేసేటప్పుడు యూజ్ ఏపీఐ చెక్ అనే డిఫైన్ పెట్టుకుంటే ఇలాంటివి అక్కడికక్కడే పట్టుకుంటుంది. డెవలప్‌మెంట్ బిల్డులో అది తప్పకుండా పెట్టండి.

మీరు పీకాల్ బదులు ఉత్త కాల్ వాడారు, అది కూడా మార్చండి. కాల్‌లో ఎర్రర్ వస్తే పట్టుకునేవాళ్లు ఉండరు, పానిక్ అయి ప్రోగ్రామ్ మొత్తం మూసుకుపోతుంది. స్క్రిప్టులో మిల్లు వాళ్లు ఒక పేరు తప్పు రాస్తే కాటా ఆగిపోకూడదు కదా.

సరే, గ్లోబల్ పేరులో తప్పులు దొర్లకుండా గ్లోబల్స్ అన్నీ ఉండే గ్లోబల్ టేబుల్‌కి మెటాటేబుల్ (లేని కీని అడిగితే ఏం చేయాలో లాంటివి చెప్పే ఇంకో టేబుల్) పెట్టి, లేని పేరు అడిగితే ఎర్రర్ ఇచ్చేలా చేసుకోవచ్చు. చాలామంది చేస్తారు, మంచిదే. కానీ ఒక మెలిక ఉంది. ఆ తర్వాత మీ సీ ప్లస్ ప్లస్ వైపు నుంచి గెట్ గ్లోబల్ చేసినా ఆ మెటాటేబులే పలుకుతుంది. ఆ కాల్ పీకాల్ బయట ఉంది కాబట్టి నేరుగా పానిక్. హోస్ట్ వైపు నుంచి, అంటే మీ ప్రోగ్రామ్ వైపు నుంచి, అడిగేటప్పుడు పుష్ గ్లోబల్ టేబుల్ చేసి రా గెట్‌తో తీసుకోండి, అది మెటాటేబుల్ జోలికి పోదు.

ఇక మీరు నిజంగా కోరుకున్న సంగతి, రెండు వైపులా ఎప్పటికప్పుడు ఒకే విలువ కనిపించడం. అదీ చేయొచ్చు. స్క్రిప్టుకి కాటా అని ఒక ఖాళీ టేబుల్ ఇవ్వండి, దానికి మెటాటేబుల్ తగిలించి ఇండెక్స్, న్యూ ఇండెక్స్ అనే రెండు చోట్ల మీ సీ ఫంక్షన్లు పెట్టండి, ఆ పేర్లకి ముందు రెండేసి అండర్‌స్కోర్లు ఉంటాయి. స్క్రిప్టు కాటా డాట్ బరువు అన్న ప్రతిసారీ మీ ఫంక్షన్ నడిచి అసలు బరువుని ఇస్తుంది. కాటా డాట్ తరుగుకి ఏదైనా రాస్తే మీ రెండో ఫంక్షన్‌కి తెలుస్తుంది. ఎవరైనా బరువునే మార్చబోతే అక్కడే ఎర్రర్ ఇవ్వొచ్చు, పేరు తప్పు రాసినా పట్టుకోవచ్చు. ఖాళీ టేబుల్ అన్న మాట ఊరికే అనలేదు. ఈ రెండూ పలికేది టేబుల్‌లో ఆ కీ లేనప్పుడే. ఎవరైనా మెటాటేబుల్‌ని అడగకుండా నేరుగా రాసే రా సెట్‌తో బరువు అని ఒక అంకెను టేబుల్‌లో పెట్టేశారనుకోండి, అప్పటి నుంచి మీ ఫంక్షన్‌ని ఎవరూ పిలవరు. స్క్రిప్టు మళ్లీ పాత చీటీ చూపిస్తుంది. అందుకే టేబుల్ బదులు యూజర్ డేటా (సీ వైపు వాడుకునే మెమరీ ముక్క) పెడితే ఇంకా నయం, దాంట్లో కీలు దాచుకునే చోటే లేదు.

అయితే తరుగు లెక్కకి ఇది వద్దంటాను. ఎందుకో చూడండి. లారీ కాటా మీద ఆగినా డ్రైవర్ దిగేటప్పుడు ఊగుతుంది, బరువు అంకె పది కిలోలు అటూ ఇటూ ఆడుతూనే ఉంటుంది. మీ ఫార్ములాలో బరువు రెండుచోట్ల వస్తుంది, సంచులు తీసేసేటప్పుడు ఒకసారి, చివర్లో నికరం చెప్పేటప్పుడు ఒకసారి. మొదటిసారి అడిగితే 14,230, రెండోసారి అడిగితే 14,240. చీటీ మీద కూడికే కుదరదు, డ్రైవర్‌కీ మీకూ పంచాయితీ. ఇలాంటప్పుడు కాపీయే కావాలి, బరువు నిలకడగా ఉన్న క్షణంలో తీసిన ఒక్క కాపీ. లెక్క మొత్తం దాని మీదే నడవాలి. స్క్రీన్ మీద బరువు ఆడుతూ కనబడాలి, నిలకడ అయ్యాక పచ్చ లైటు వెలగాలి, ఇలాంటి పనులకైతే ఎప్పటికప్పుడు చూసే పద్ధతి సరిగ్గా సరిపోతుంది. ఒకే ప్రోగ్రామ్‌లో రెండూ ఉండొచ్చు, నా దగ్గర అలాగే ఉన్నాయి.

ఆ ఆడే బరువు దగ్గరే ఇంకో గొయ్యి ఉంది. కాటా నుంచి బరువు వచ్చే సీరియల్ పోర్టుని మీరు వేరే థ్రెడ్‌లో (ప్రోగ్రామ్‌లోనే పక్కన సమాంతరంగా నడిచే పని) చదువుతున్నారు, మంచిదే. కానీ స్క్రీన్ మీద చూపే బరువుని వేరే పేరుతో అదే థ్రెడ్ నుంచి పుష్ నంబర్, సెట్ గ్లోబల్ చేస్తున్నారు. లువా స్టేట్‌ని, అంటే స్టాకూ గ్లోబల్సూ అన్నీ ఉండే చోటుని, ఒకేసారి రెండు థ్రెడ్లు ముట్టుకోకూడదు, దానికి తాళం గీళం ఏమీ లేవు. స్క్రిప్టు లెక్క చేస్తుండగా కాటా బరువు చూపే ఇండికేటర్ నుంచి కొత్త అంకె వస్తే ఇద్దరూ ఒకే స్టాక్ మీద పడతారు. లారీ కదులుతున్నప్పుడే క్రాష్ అవుతోందని మీరు చివర్లో ఒక లైను రాశారు, వేరే సమస్య అనుకున్నారు. వేరే కాదు, ఇదే. పోర్టు చదివే థ్రెడ్ ఒక ఆటమిక్ వేరియబుల్‌లో (రెండు థ్రెడ్లు ఒకేసారి ముట్టుకున్నా చెడనిది) అంకె రాసి ఊరుకోవాలి. లువాతో మాట్లాడేది మెయిన్ థ్రెడ్ ఒక్కటే.

ఇంకోటి, మీరు లారీ ఆబ్జెక్ట్ పాయింటర్‌నే లైట్ యూజర్ డేటాగా, అంటే ఉత్త మెమరీ అడ్రసుగా, స్క్రిప్టుకి ఇచ్చారు. బండి వెళ్లిపోయాక మీరు ఆబ్జెక్ట్ డిలీట్ చేస్తారు, స్క్రిప్టు ఆ పాయింటర్‌ని తన టేబుల్‌లో దాచుకుని ఉండొచ్చు. మళ్లీ వాడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పాయింటర్ బదులు చీటీ నంబరు ఇవ్వండి. స్క్రిప్టు నంబరు చెప్పి అడిగినప్పుడు మీరు వెతికి ఇస్తారు, లేకపోతే లేదంటారు.

స్ట్రింగుల్లోనూ ఇదే గొడవ. బండి నంబరు, ఓడీ 18 అనో పాత ఏపీ 30 అనో, టూ స్ట్రింగ్‌తో తీసుకున్నారు. అది ఇచ్చేది లువా మెమరీలోకి పాయింటర్ మాత్రమే. పాప్ చేశాక ఆ స్ట్రింగుని గార్బేజ్ కలెక్టర్ (ఎవరూ వాడని మెమరీని ఖాళీ చేసేది) ఎప్పుడైనా ఊడ్చేయొచ్చు. పాప్ చేసే ముందే సీ ప్లస్ ప్లస్ వైపు ఉండే స్టడ్ స్ట్రింగ్‌లోకి కాపీ చేసుకోండి. దీనికి తోడు, ఉన్నది అంకె అయితే టూ స్ట్రింగ్ దాన్ని స్టాక్ మీదే స్ట్రింగుగా మార్చేస్తుంది. నెక్స్ట్‌తో టేబుల్ మొత్తం తిరుగుతూ కీ మీద టూ స్ట్రింగ్ వాడితే తిరగడమే దారి తప్పుతుంది. నాకు ఒక రోజంతా పోయింది దీని మీద.

మీ చీటీలో ఒడియా, తెలుగు రెండూ ప్రింట్ చేస్తున్నారు కాబట్టి ఇది కూడా. లువాలో హ్యాష్ గుర్తుతో పొడవు అడిగితే బైట్లు చెబుతుంది. "తరుగు" అన్న మాటకి మనకి కనిపించేవి మూడు అక్షరాలు, లువా చెప్పేది 15. మీ కాలమ్స్ ఒక్కో లైనుకి ఒక్కోలా జరిగిపోతున్నది అందుకే. 5.3 నుంచి యూటీఎఫ్ ఎయిట్ లెన్ ఉంది గానీ అది చెప్పేది 5, ఎందుకంటే కొమ్ముల్ని వేరుగా లెక్కపెడుతుంది. అలైన్‌మెంట్ పనిని స్క్రిప్టుకి వదలకండి, ఫాంటు కొలతలు తెలిసిన హోస్ట్ వైపే చేయండి.

5.3 అన్నాను కాబట్టి, ఆ వెర్షన్ నుంచి అంకెలు రెండు రకాలు, పూర్ణాంకాలు వేరు, దశాంశాలు వేరు. ఒక్క గీత భాగహారం ఎప్పుడూ దశాంశమే ఇస్తుంది, పదిని రెండుతో భాగిస్తే 5.0. బస్తాల సంఖ్య 173.0 అని ప్రింటయితే కంగారు పడకండి, ఎక్కడో భాగించారు, లేదా పుష్ ఇంటీజర్ బదులు పుష్ నంబర్‌తో పంపారు. డబ్బులైతే పైసల్లో, పూర్ణాంకంగానే అటూ ఇటూ పంపండి. రూపాయల్లో దశాంశాలతో పంపినవాళ్లు చివరికి పైసా తేడాల కోసం రాత్రుళ్లు కూర్చుంటారు.

వేరే భాషల్లో ఇంతకంటే సులువా అని కూడా అడిగారు. టీసీఎల్ అనే ఇంకో స్క్రిప్టు భాషలో లింక్ వార్ అని ఉంది, సీ వేరియబుల్ అడ్రస్ ఇస్తే అదే పేరుతో స్క్రిప్టుకి కనిపిస్తుంది, రీడ్ ఓన్లీ కూడా చేయొచ్చు. మీరు కోరుకున్నది అచ్చంగా అదే. పైథాన్ అయితే మీకింకా పెద్ద తలనొప్పి, ప్రతి ఆబ్జెక్టుకీ రిఫరెన్స్ లెక్క, అంటే దాన్ని ఇంకా ఎన్నిచోట్ల వాడుతున్నారన్న లెక్క, మీరే చూసుకోవాలి. అందులోనూ డిక్షనరీలో పెడితే మీ రిఫరెన్స్ మీకే ఉంటుంది, లిస్ట్ సెట్ ఐటమ్‌తో పెడితే అది లాగేసుకుంటుంది. కాటా లాంటి చిన్న పనికి లువాయే హాయి. 1993లో బ్రెజిల్‌లోని రియో పొంటిఫికల్ కాథలిక్ యూనివర్సిటీలో అది పుట్టింది కూడా పెట్రోబ్రాస్ అనే చమురు కంపెనీ ప్రాజెక్టుల్లో ఇలాగే వేరే ప్రోగ్రామ్ లోపల కూర్చోవడానికే.

ముందు గ్లోబల్స్ తీసేసి ఫంక్షన్‌గా మార్చండి, థ్రెడ్ సంగతి చూడండి. తర్వాత పైన చెప్పిన లారీ లెక్కే వేసి 230.08 వస్తోందో లేదో చూసి, అదే లారీని తేమ ఖాళీగా వదిలి పాతిక సార్లు ఎంటర్ కొట్టండి. ప్రతిసారీ గెట్ టాప్ ఎంత వచ్చిందో ఇక్కడ పెట్టండి. సున్నా కాకపోతే పీకాల్ చుట్టూ ఉన్న పది లైన్లు కూడా పెట్టండి, చూస్తాను.